కాల్ బెల్ నొక్కాక ఎంతసేపు? అమెరికా నర్సింగ్ హోముల్లో మన పెద్దలు

మన ఊళ్ళలో నర్సింగ్ హోమ్ అంటే కాన్పులు చేసే, సెలైన్ ఎక్కించే చిన్న ప్రైవేటు ఆసుపత్రి. నాలుగు రోజులుంటాం, బిల్లు కట్టి ఇంటికొచ్చేస్తాం. అమెరికాలో ఈ మాటకు అర్థం వేరు. లేవలేని, నడవలేని, మతిమరుపు ముదిరిన పెద్దవాళ్ళు నెలల తరబడి, చాలామంది చివరిదాకా ఉండే చోటును అక్కడ నర్సింగ్ హోమ్ అంటారు. దేశం మొత్తం మీద ఇలాంటివి సుమారు 15 వేలు. వాటిలో ఉంటున్నవాళ్ళు దాదాపు 12 లక్షల మంది.

ఇప్పుడు ఆ గదుల్లో మనవాళ్ళూ కనిపిస్తున్నారు. హైదరాబాద్ నుంచి, కర్నూలు, గుంటూరు నుంచి వెళ్ళి చికాగోలో, హ్యూస్టన్‌లో, న్యూజెర్సీలో స్థిరపడిన మొదటి తరం ముసలిదైంది. కొడుకు దగ్గరికో కూతురి దగ్గరికో వెళ్ళిన తల్లిదండ్రులున్నారు. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయ్యాకో, పక్షవాతం వచ్చాకో ఆసుపత్రివాళ్ళు నేరుగా నర్సింగ్ హోముకు పంపేస్తారు. 'బుజుర్గులను హోములో పెట్టడమేంటి' అని ఇక్కడినుంచి అనడం తేలికే. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు వెళ్ళే ఇంట్లో, పడకగది మేడ మీదున్న ఇంట్లో, 85 కిలోల మనిషిని రోజుకు ఆరుసార్లు మంచం మీంచి లేపి కూర్చోబెట్టడం అంత తేలిక కాదు. ఆ వాదన ఇక్కడ పెట్టుకోను. హోములో చేరినవాళ్ళ సంగతి చూద్దాం.

ఆదివారం ఫోన్ చేస్తే అమ్మీ ఏం చెబుతుంది? తిండి చప్పగా ఉంది, చలిగా ఉంది అంటుంది. ఇంకో మాట మాత్రం సగంలో ఆపేస్తుంది. 'బెల్ నొక్కాను, ఎవరూ రాలేదు, ఇక...' అక్కడితో ఆగిపోతుంది. ఆ తర్వాత ఏమైందో కొడుకుతో చెప్పుకోదు. కూతురితోనైనా కష్టమే. అమెరికా నర్సింగ్ హోముల తనిఖీ రిపోర్టుల్లో మళ్ళీ మళ్ళీ కనిపించే లోపాల్లో ఇదొకటి. టాయిలెట్‌కు తీసుకెళ్ళమని అడిగిన మనిషి దగ్గరికి వేళకు ఎవరూ రాకపోవడం. దాని వెనకే ఇంకో లోపం ఉంటుంది, అది బయటికి అంతగా కనిపించదు. ఎత్తే యంత్రం సిద్ధంగా లేకపోవడం.

యంత్రం సంగతి ముందు చెప్పుకోవాలి. వాళ్ళు దాన్ని 'లిఫ్ట్' అంటారు. మేడ ఎక్కే లిఫ్ట్ కాదు, మనిషిని ఎత్తే చక్రాల యంత్రం. ముఖ్యంగా రెండు రకాలు. కాళ్ళ మీద కాస్త బరువు మోపగలిగినవాళ్ళకు ఒకటి. మోకాళ్ళ దగ్గర ఆనించి, వీపు వెనక పట్టీ వేసి, కుర్చీలోంచి లేపి నిలబెడుతుంది. అసలు నిలబడలేనివాళ్ళకు రెండోది. మనిషి కింద ఒక గుడ్డ జోలె పరుస్తారు, దాన్ని స్లింగ్ అంటారు. దాని కొసల్ని యంత్రం కొక్కేలకు తగిలించి, మోటారుతో పైకెత్తి, కమోడ్ మీదికో చక్రాల కుర్చీలోకో దించుతారు. అక్కడ దీన్ని 'హోయర్' అంటారు. అది ఒక బ్రాండు పేరు. మనం ఫొటోకాపీని జిరాక్స్ అన్నట్టు, అదే వస్తువు పేరైపోయింది.

యంత్రం ఎందుకు, ఇద్దరు మనుషులు పట్టుకుని ఎత్తలేరా అని మనకనిపిస్తుంది. మన ఇళ్ళల్లో అలాగే ఎత్తుతాం, నడుములు పోగొట్టుకుంటాం. అమెరికాలో వృత్తి ఆరోగ్యం మీద పరిశోధన చేసే ప్రభుత్వ సంస్థ నియోష్ 2007 నుంచి చెబుతున్న లెక్క ప్రకారం, రోగిని చేతులతో ఎత్తేటప్పుడు ఒక ఉద్యోగి మీద పడే బరువు 35 పౌండ్లు, అంటే సుమారు 16 కిలోలు దాటకూడదు. అంటే పెద్దవాళ్ళెవరినీ ఉత్త చేతులతో ఎత్తకూడదన్నట్టే. ఉద్యోగంలో నడుము, భుజం దెబ్బతినేవాళ్ళలో నర్సింగ్ అసిస్టెంట్లు ముందు వరసలో ఉంటారు. యంత్రం వాళ్ళనూ కాపాడుతుంది, మన పెద్దవాళ్ళనూ కాపాడుతుంది. చంకల కింద చేతులేసి లాగితే ముసలివాళ్ళ పల్చటి చర్మం చిరుగుతుంది, భుజం కీలు జారుతుంది.

కాబట్టి కేర్ ప్లాన్‌లో 'ఈ మనిషికి లిఫ్ట్ వాడాలి, ఇద్దరు ఉండాలి' అని రాస్తారు. రాయడం మంచిదే. కానీ ఆ ఒక్క వాక్యం వల్ల టాయిలెట్‌కు వెళ్ళడం అనే చిన్న పని ఎన్ని వస్తువుల మీద, ఎంతమంది మీద ఆధారపడుతుందో చూడండి.

అమ్మీ బెల్ నొక్కింది. గది తలుపు పైన లైటు వెలిగింది. పది నిమిషాలకు ఎయిడ్ వచ్చింది. ఒక్కతే ఎత్తకూడదు కదా, 'ఇంకొకరిని పిలుచుకొస్తా' అని బెల్ లైటు ఆర్పేసి వెళ్ళింది. రెండో ఎయిడ్ ఇంకో గదిలో ఒకరికి స్నానం చేయిస్తోంది, మధ్యలో వదిలి రాలేదు. ఆ విభాగం మొత్తానికి ఉన్న లిఫ్ట్ ఒక్కటి, అది కారిడార్ ఆ చివర ఉంది. తోసుకొచ్చి మీట నొక్కితే పైకి లేవదు. రాత్రి ఎవరో వాడి బ్యాటరీ ఛార్జింగ్‌కు పెట్టలేదు. రెండో బ్యాటరీ కోసం వెళ్తే, ఉండాల్సిన చోట లేదు. అన్నీ దొరికాయనుకుంటే, అమ్మీ కొలతకు సరిపోయే స్లింగ్ లాండ్రీకి వెళ్ళింది. పెద్ద సైజుది ఉంది. అది వేస్తే మనిషి పక్కనుంచి జారిపడే ప్రమాదం ఉంది.

ఇందులో ఏ ఒక్కరూ దుర్మార్గులు కాదు. ఐదు నిమిషాలు ఇక్కడ, పది నిమిషాలు అక్కడ పోయాయి. 80 ఏళ్ళ మనిషి అంతసేపు ఆపుకోలేదు. బెల్ లైటు ఆర్పేశారు కాబట్టి, రికార్డు చూస్తే 'పది నిమిషాల్లో స్పందించారు' అనే ఉంటుంది. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి. ఎవరో గదిలోకి రావడం వేరు, మనిషి టాయిలెట్ మీద కూర్చోవడం వేరు. హోముతో మాట్లాడేటప్పుడు అడగాల్సింది రెండోదాని గురించే.

అక్కడ మందులను, వైద్య పరికరాలను పర్యవేక్షించే ఎఫ్‌డీఏ ఈ లిఫ్టుల గురించి విడిగా జాగ్రత్తలు చెప్పింది. మనిషి బరువుకు, కొలతకు తగిన స్లింగ్ వాడాలి. కుట్లు ఊడిన, పట్టీ అరిగిన స్లింగ్ పక్కన పడేయాలి. ఎత్తేటప్పుడు యంత్రం కాళ్ళు పూర్తిగా వెడల్పు చేసి ఉంచాలి. చాలా లిఫ్టులకు ఇద్దరో అంతకంటే ఎక్కువమందో కావాలి. వీటిని పాటించని చోట మనుషులు పడ్డారు, తలకు దెబ్బలు తగిలాయి, ఎముకలు విరిగాయి, ప్రాణాలూ పోయాయి. అందుకే ఎవరైనా ఎయిడ్ దయతలచి 'నేనొక్కదాన్నే ఎత్తేస్తాలే' అంటే సంతోషపడకూడదు.

ఇక ఎత్తలేనప్పుడు ఏం చేస్తారు? డైపర్. 'డైపర్ ఉందిగా, అందులోనే కానివ్వండి, తర్వాత మారుస్తాం.' ఈ మాట ఎవరికీ కొత్త కాదు. దీనిలోని నష్టం ఆ ఒక్క పూటతో పోదు. వైద్యంలో దీనికి ఒక పేరుంది, ఫంక్షనల్ ఇన్‌కాంటినెన్స్. మూత్రాశయం బాగానే ఉంది, మెదడుకు తెలుస్తోంది, కానీ వేళకు టాయిలెట్ దాకా చేరలేక బట్టల్లో అయిపోతుంది. అంటే జబ్బు ఆ మనిషిది కాదు, ఆలస్యానిది. కానీ చార్టులో ఏం రాస్తారు? 'ఇన్‌కాంటినెంట్' అని. అంటే ఆపుకోలేని మనిషి. ఒకసారి ఆ ముద్ర పడితే ఆ మనిషిని టాయిలెట్‌కు తీసుకెళ్ళడమే మానేస్తారు. ఆపుకునే అలవాటు, లేచి కూర్చునే ఓపిక వారం వారం తగ్గిపోతాయి. చేరిన రోజు లేని సమస్య మూడు నెలలకు నిజంగానే వస్తుంది. తడిలో పడుకున్న చర్మం ఒరుసుకుపోతుంది, పుండ్లు పడతాయి, యూరిన్ ఇన్ఫెక్షన్ వస్తుంది. ఇంకొందరు ఎదురుచూసి విసిగి తామే లేవబోయి పడిపోతారు.

మన పెద్దవాళ్ళు చేసే పని ఇంకొకటుంది. నీళ్ళు తాగడం మానేస్తారు. బస్సు ప్రయాణాల్లో, పెళ్ళిళ్ళలో ఆడవాళ్ళు చిన్నప్పటినుంచీ చేసేదే ఇది. బెల్ నొక్కి ఒకరిని బతిమాలే బదులు గ్లాసు ముట్టుకోకపోవడమే నయం అనుకుంటారు. దాంతో ఒళ్ళు ఎండిపోతుంది, మలబద్ధకం వస్తుంది, ఇన్ఫెక్షన్ వస్తుంది, ఒక్కోసారి ఉన్నట్టుండి మాట తడబడి మతి తప్పినట్టు ప్రవర్తిస్తారు. ఇంటివాళ్ళు డిమెన్షియా ముదిరిందనుకుంటారు.

మరి చట్టం ఏమంటోంది? 1987లో అమెరికా పార్లమెంటు నర్సింగ్ హోముల సంస్కరణ చట్టం చేసింది. దాని కింద వచ్చిన ఫెడరల్ నిబంధనలు ఈ విషయంలో చాలా స్పష్టంగా ఉన్నాయి. చేరేటప్పుడు మలమూత్రాలు ఆపుకోగలిగిన మనిషి ఆ శక్తిని నిలుపుకునేలా హోము సాయం చేయాలి, వైద్యపరంగా అసాధ్యమైతే తప్ప. మంచం దగ్గర, టాయిలెట్‌లో, స్నానాల గదిలో పిలిచే ఏర్పాటు ఉండాలి. రోగుల సంరక్షణకు వాడే పరికరాలన్నీ సురక్షితంగా పనిచేసే స్థితిలో ఉంచాలి. సరిపడా సిబ్బంది ఉండాలి. గౌరవంగా చూడాలి. బెల్ నొక్కాక ఎన్ని నిమిషాల్లో రావాలన్నది మాత్రం అంకె రూపంలో ఫెడరల్ నిబంధనల్లో లేదు. 'సరిపడా' అన్నదానికీ అంకె లేదు. చిక్కంతా అక్కడే.

తనిఖీలు జరుగుతాయి. చెప్పకుండా వస్తారు. సగటున ఏడాదికోసారి, ఎంత ఆలస్యమైనా 15 నెలల్లోపు రావాలి. దొరికిన ప్రతి లోపానికి ఏ నుంచి ఎల్ దాకా ఒక అక్షరం ఇస్తారు. ఏ అంటే అతి చిన్నది, జె, కె, ఎల్ అంటే ప్రాణాల మీదికి వచ్చేది. మనిషికి నిజంగా హాని జరిగిందని ఒప్పుకునేది జి నుంచి. టాయిలెట్ ఆలస్యాలు, ఛార్జింగ్ లేని లిఫ్టులు ఎక్కువగా డి, ఇ దగ్గరే ఆగిపోతాయి. 'హాని జరగలేదు, జరిగే అవకాశముంది' అని దాని అర్థం. హోము ఒక దిద్దుబాటు కాగితం రాసిస్తుంది, ఫైలు మూసేస్తారు. గంటసేపు తడిలో కూర్చుని ఏడ్చిన మనిషికి హాని జరగలేదట! ఆ తనిఖీ మార్గదర్శకాల్లోనే ఇంకో మాట కూడా ఉంది. మానసికంగా జరిగిన హానిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఆ మనిషి చెప్పుకోలేని స్థితిలో ఉంటే, అదే పరిస్థితిలో మామూలు మనిషి ఎవరైనా ఎలా బాధపడేవారో ఆలోచించి తూకం వేయాలి. ఫిర్యాదు రాసేటప్పుడు 'అమ్మీ సిగ్గుతో రెండు రోజులు అన్నం తినలేదు, మాట్లాడలేదు' అన్న వాక్యం అందుకే ముఖ్యం. పరుపు తడిసింది అని రాస్తే పరుపు గురించే చదువుతారు.

ఇప్పుడు అసలు వార్తకు వద్దాం. సిబ్బందికి అంకె పెట్టే ప్రయత్నం ఒకటి జరిగింది. బైడెన్ ప్రభుత్వం 2024లో ఒక నిబంధన తెచ్చింది. దాని ప్రకారం ఒక్కో నివాసికి రోజుకు కనీసం 3.48 గంటల సేవ అందాలి. అందులో 2.45 గంటలు నర్స్ ఎయిడ్లది, 0.55 గంట రిజిస్టర్డ్ నర్సుది. రిజిస్టర్డ్ నర్సు 24 గంటలూ హోములో ఉండాలి. హోముల యజమానుల సంఘాలు కోర్టుకెక్కాయి. 2025 ఏప్రిల్‌లో టెక్సాస్‌లోని ఫెడరల్ కోర్టు దాన్ని కొట్టేసింది. జూన్‌లో అయోవాలోనూ వాళ్ళకు అనుకూలంగానే తీర్పు వచ్చింది. జూలై 4న ట్రంప్ సంతకం చేసిన బడ్జెట్ చట్టం దాని అమలును 2034 సెప్టెంబరు 30 దాకా ఆపేసింది. డిసెంబరులో ప్రభుత్వమే ఆ అంకెలను రద్దు చేసేసింది.

యజమానుల వాదన పూర్తిగా అబద్ధం కాదు. పల్లెటూళ్ళలో నర్సులు దొరకడం లేదు. నివాసుల్లో పదిమందిలో ఆరుగురికి డబ్బు కట్టేది పేదల పథకమైన మెడికెయిడ్, అది ఇచ్చేది చాలదంటారు. ఈ పని చేసే ఎయిడ్లలో పెద్ద సంఖ్యలో వలస వచ్చినవాళ్ళున్నారు. వీసాలు బిగిస్తే వాళ్ళూ తగ్గిపోతారు. అదంతా నిజమే. అయినా ఆ 2.45 గంటలు ఏమన్నా ఎక్కువా? లెక్క వేసి చూడండి. 2.45 గంటలంటే 147 నిమిషాలు. పూర్తి లిఫ్ట్ అవసరమైన మనిషిని ఒకసారి టాయిలెట్‌కు తీసుకెళ్ళి శుభ్రం చేసి తిరిగి తేవడానికి ఇద్దరు ఎయిడ్లు 15 నిమిషాలు పట్టారనుకుందాం. అంటే 30 నిమిషాల పని. రోజుకు ఐదుసార్లంటే 150 నిమిషాలు. రోజంతటి వాటా టాయిలెట్‌కే అయిపోయింది, పైగా మూడు నిమిషాలు అప్పు. ఇంకా స్నానం, తిండి, బట్టలు, మంచంలో అటూ ఇటూ తిప్పడం మిగిలే ఉన్నాయి. అది సగటు లెక్క, అందరికీ లిఫ్ట్ అక్కర్లేదు, అది వేరే సంగతి. కానీ రద్దయిన అంకె విలాసమేమీ కాదని మాత్రం దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇలా జరగడం మొదటిసారి కాదు. ఉద్యోగులు బరువులెత్తి నడుములు విరగ్గొట్టుకోకుండా అమెరికా కార్మిక శాఖ 2000 నవంబరులో ఒక నిబంధన తెచ్చింది. అది అమలైతే హోములు ఎత్తే యంత్రాల మీద ఖర్చు పెట్టక తప్పేది కాదు. 2001 మార్చిలో పార్లమెంటు దాన్ని రద్దు చేసింది. ఆ తర్వాత కొన్ని రాష్ట్రాలు సొంతంగా చట్టాలు చేసుకున్నాయి. టెక్సాస్ 2005లో అందరికంటే ముందు ఆసుపత్రులకు, నర్సింగ్ హోములకు కలిపి చేసింది, న్యూజెర్సీ 2008లో చేసింది. అమ్మీ ఏ రాష్ట్రంలో ఉందన్నదాన్ని బట్టి ఆమె హక్కు మారుతుందన్నమాట.

నా ఉద్దేశంలో ఒక్క విషయం మాత్రం సిబ్బంది కొరత ఖాతాలో వేయడానికి వీల్లేదు. అది యంత్రం. షిఫ్ట్ ముగిసేటప్పుడు బ్యాటరీని ఛార్జర్‌లో పెట్టడానికి మనుషుల కొరత అడ్డురాదు. విడి బ్యాటరీ ఒకటి కొని పెట్టుకోవడానికి, ఒక్కో మనిషికి రెండేసి స్లింగులు కేటాయించి పేరు రాసి పెట్టడానికి, ఎన్ని లిఫ్టులున్నాయి, ఏది చెడిపోయింది, ఎవరికి చెప్పారు అని ఒక పుస్తకంలో రాసుకోవడానికి ఏ కోర్టూ అడ్డు చెప్పలేదు. పరికరాలు పనిచేసే స్థితిలో ఉంచాలన్న పాత నిబంధన ఇప్పటికీ అమలులోనే ఉంది. సిబ్బంది విషయంలో మన చేతిలో ఉన్నది తక్కువ. ఈ విషయంలో కుటుంబం గట్టిగా అడిగితే హోము దగ్గర చెప్పడానికి సాకు ఉండదు.

మనవాళ్ళకు ఇందులో ఇంకో బాధ ఉంది. అది అక్కడి తనిఖీ ఫారాల్లో ఎక్కడా కనపడదు. తహారత్. తడిసిన బట్టల్లో ఉన్న మనిషి నమాజ్‌కు నిలబడలేనని కుమిలిపోతుంది. ఉజ్ర్ ఉన్నవాళ్ళకు, అంటే ఆపుకోలేని జబ్బున్నవాళ్ళకు, షరీఅత్‌లో సౌలభ్యం ఉంది. ప్రతి నమాజ్ వేళకు కొత్తగా వుజూ చేసుకుని చదువుకోవచ్చని హనఫీ ఉలమా చెబుతారు. వివరం మీ ఆలిమ్ సాబ్‌ను అడిగి ఆమెకు ఫోన్లో వినిపించండి. చాలామంది పెద్దవాళ్ళు ఈ మాట తెలియక 'నా నమాజులన్నీ పోయాయి' అని అనుకుంటూ ఉంటారు. అయితే ఆ సౌలభ్యం మనిషికిచ్చింది, హోముకు కాదు. ఆపుకోగలిగిన మనిషిని ఆపుకోలేని మనిషిగా మార్చడానికి అది అనుమతి కాదు.

ఫజ్ర్ వేళ ఇంకా కష్టం. చికాగో లాంటి చోట్ల ఎండాకాలంలో అది తెల్లవారుజామున నాలుగు లోపే వస్తుంది. రాత్రి షిఫ్టులో మనుషులు తక్కువగా ఉండే వేళ. కాబట్టి అమ్మీ బెల్ నొక్కేదాకా ఆగకుండా, ఫజ్ర్‌కు అరగంట ముందు టాయిలెట్, వుజూ అని కేర్ ప్లాన్‌లో టైమ్‌తో సహా రాయించాలి. 'ప్రేయర్‌కు సాయం చేయండి' అని పొడిగా రాస్తే ఎవరికీ ఏమీ అర్థం కాదు. నీళ్ళతో కడగడం, అంటే ఇస్తింజా, కావాలని కూడా రాయించాలి. బాత్‌రూమ్‌లో ఒక లోటా పెట్టి, అది ఎందుకో ఎయిడ్‌కు ఒక్కసారి చూపించండి. కాగితంతో తుడిస్తే చాలు అనుకునేవాళ్ళకు ఇది తెలిసే దారి లేదు. ఆడమనిషికి ఆడ ఎయిడే కావాలన్నది కూడా అందులోనే రాయించండి. నివాసుల అవసరాలకు, ఇష్టాలకు వీలైనంతవరకు సర్దుబాటు చేయాలని నిబంధనలంటాయి. అన్ని షిఫ్టుల్లోనూ కుదరకపోవచ్చు, కానీ రాసి లేకపోతే అడిగే హక్కు కూడా నిలవదు. భాష ఇంకో అడ్డంకి. అమ్మీకి ఇంగ్లీషు రాకపోతే టాయిలెట్, నీళ్ళు, నొప్పి, నమాజ్ బొమ్మలున్న చిన్న కార్డు మంచానికి కట్టండి. తెలుగు, ఉర్దూ మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో రాసి గోడకు అంటించిన కుటుంబాలున్నాయి, అది బాగా పనిచేస్తుంది.

కేర్ ప్లాన్ ఎప్పుడు రాస్తారు? చేరిన 48 గంటల్లో ఒక ప్రాథమిక ప్లాన్ రాస్తారు. 14 రోజుల్లోపు పూర్తి పరీక్ష చేస్తారు, ఆ తర్వాత వారంలో పూర్తి ప్లాన్ రాస్తారు. ఆ మీటింగుకు కుటుంబం వెళ్ళవచ్చు, ఫోన్లో కూడా కూర్చోవచ్చు. హైదరాబాద్‌లో ఉన్న అన్నదమ్ములు రాత్రి మేలుకునైనా కూర్చోవాల్సిన మీటింగ్ అది. ఆ పరీక్ష ఫారంలో మలమూత్రాలకు ఒక విభాగం ఉంటుంది. టైమ్ ప్రకారం టాయిలెట్‌కు తీసుకెళ్ళే పద్ధతి ప్రయత్నించి చూశారా లేదా అని అందులో ఒక ప్రశ్న ఉంటుంది. దానికి ఏం జవాబు రాశారో అడగండి. 'లేదు' అని ఉంటే, ప్రయత్నించకుండానే డైపర్ ఎందుకు వేశారని అడగడానికి మీకు ఆధారం దొరికినట్టే. రికార్డు చూపించమని నివాసిగానీ ఆమె తరఫున చట్టబద్ధంగా నిలిచినవాళ్ళుగానీ అడిగితే, సెలవు రోజులు పోను 24 గంటల్లో చూపించాలి.

హోమును ఎంచుకునేటప్పుడు మనం ఏం చూస్తాం? లాబీలో సోఫాలు, పూలకుండీలు, హలాల్ తిండి ఉందా లేదా. హలాల్ ముఖ్యమే. కానీ ఆదివారం సాయంత్రం ఏడింటికి వెళ్ళండి, అప్పుడు మేనేజర్లుండరు. కారిడార్‌లో నిలబడి తలుపుల పైన ఎన్ని లైట్లు వెలుగుతున్నాయో, ఎంతసేపు వెలుగుతున్నాయో చూడండి. ఈ విభాగానికి ఎన్ని లిఫ్టులు, ఛార్జర్ ఎక్కడ, స్లింగ్ సైజు ఎవరు నిర్ణయిస్తారు అని ఎయిడ్‌నే అడగండి. ఆమెకు వెంటనే జవాబు తెలిస్తే మంచి గుర్తు. మెడికేర్ వారి 'కేర్ కంపేర్' వెబ్‌సైట్‌లో ప్రతి హోముకు నక్షత్రాలతో పాటు వారాంతపు సిబ్బంది, ఏడాదిలో ఎంతమంది మానేశారు అన్న అంకెలు కూడా ఉంటాయి. నక్షత్రాల కంటే నాకు ఆ రెండు అంకెల మీదే నమ్మకం. చివరి తనిఖీ రిపోర్టును ఎవరైనా చదువుకునేలా హోములోనే అందుబాటులో ఉంచాలి. దాన్ని అడిగి చదవండి.

టెక్సాస్, ఇల్లినాయ్ లాంటి కొన్ని రాష్ట్రాల్లో అనుమతి పత్రాలు నింపి గదిలో కెమెరా పెట్టుకోవచ్చు. ఇక్కడినుంచి చూసుకోవచ్చని చాలామంది ఉత్సాహపడతారు. కానీ అమ్మీ ఒళ్ళు కడిగే దృశ్యం పదిమంది ఫోన్లలోకి వెళ్ళే పని అది. పర్దా విషయం ఆమెను అడగకుండా తేల్చకండి. కెమెరాను తలుపు వైపు తిప్పి పెట్టినా ఎవరు ఎప్పుడొచ్చారో తెలిసిపోతుంది.

ఇక్కడి సంగతి ఒక్క ముక్క. తెలంగాణ, ఆంధ్రలో మంచాన పడ్డ పెద్దవాళ్ళు ఎక్కువమంది ఇంట్లోనే ఉంటున్నారు, ఏజెన్సీ పంపిన ఆయాల చేతుల్లో. 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం జిల్లాకు కనీసం ఒక వృద్ధాశ్రమం, 150 మంది నిరుపేదలకు చోటు అని మాట్లాడుతుంది. ఆ చట్టంలో బెల్, టాయిలెట్, లిఫ్ట్ అన్న ఊసే లేదు. చేత్తో పంపు కొట్టి ఎత్తే హైడ్రాలిక్ లిఫ్టులు ఇక్కడా అమ్ముతున్నారు, అద్దెకూ ఇస్తున్నారు. ఆయా ఒక్కతే అబ్బాను లాగుతుంటే చూసి ఊరుకునే ఇళ్ళు ఆ అద్దె ఎంతో ఒకసారి కనుక్కోవచ్చు.

ఫిర్యాదు చేస్తే అమ్మీ మీద కక్ష తీర్చుకుంటారేమో అన్న భయం అందరిలోనూ ఉంటుంది. ఆ భయం ఊరికే పుట్టింది కాదు. చట్టం మాత్రం ప్రతీకారాన్ని నిషేధించింది. మామూలు పరిస్థితుల్లో 30 రోజుల ముందు రాతపూర్వకంగా చెప్పకుండా ఆమెను బయటికి పంపడానికీ వీల్లేదు. ముందు రాసి పెట్టుకోండి. ఏ తేదీ, బెల్ ఎప్పుడు నొక్కింది, ఎవరు ఎప్పుడొచ్చారు, లిఫ్ట్ ఉందా, టాయిలెట్ మీద ఎప్పుడు కూర్చుంది. వారం రోజుల చీటీ చాలు. దాంతో మొదట నర్సింగ్ డైరెక్టర్ దగ్గరికి వెళ్ళండి. కదలిక లేకపోతే అంబుడ్స్‌మన్‌కు చెప్పండి. ప్రతి రాష్ట్రంలోనూ ఉంటారు, డబ్బు తీసుకోరు, నివాసి ఒప్పుకోకుండా పేరు బయటపెట్టరు. ఆ నంబరు హోములో అందరికీ కనిపించే చోట అంటించాలి, గోడ మీద వెతకండి. ఆ పైన రాష్ట్ర ఆరోగ్య శాఖ ఉంది, దానికి పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు చేయవచ్చు. ఇలాంటి ఫిర్యాదు వస్తే ఏడాది తనిఖీ దాకా ఆగకుండా ముందే వచ్చి చూసే అధికారం వాళ్ళకుంది. వచ్చినవాళ్ళు మొదట అడిగేది ఆ చీటీలోని టైములే.